మూయని ట్యాగు

పెయింటు గోడౌన్ పెద్దాయన కంప్యూటర్ ముందు వంగి, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ చెరుపుతున్నాడు. ఆయనకు తెలియకుండా వెనకే వచ్చి నిలబడ్డ ప్రోగ్రామరమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయితే ఇన్నాళ్ళూ ఫైలు చెడగొడుతున్నది మీరేనా బాబాయ్‌గారూ?"

ఆయన అడ్డంగా దొరికిపోయిన దొంగలా చేతులు వెనక్కి లాక్కున్నాడు.

పాపం, ఈ పని కోసమే ఆ పిల్ల ఎక్స్ఎంఎల్ నేర్చుకుంది. గోడౌన్ కంప్యూటర్‌ది ఒక దారి, రోడ్డుకు అవతల ఆయన తమ్ముడి కొట్లో ఉన్న కంప్యూటర్‌ది ఇంకో దారి. రెండింటికీ అర్థమయ్యే భాష ఎక్స్ఎంఎల్ ఒక్కటే. ఏ రంగు డబ్బాలు ఎన్ని ఉన్నాయో రోజూ పొద్దున్నే ఆ భాషలో రాసిన ఫైలుగా తమ్ముడి కొట్టుకు వెళ్తుంది. ప్రతి వివరానికీ ముందు ట్యాగు అనే ఒక గుర్తు, వెనక దాన్ని మూసే ట్యాగు. ఒక్కటి మూయకపోయినా అవతలి కంప్యూటర్ ఫైలు మొత్తాన్నీ వెనక్కి కొడుతుంది. డబ్బాకు మూత లాంటిదేనండీ అని పెద్దాయనకు ఓపిగ్గా నేర్పింది కూడా ఆమే. శిష్యుడు బాగానే వంటబట్టించుకున్నాడు మరి.

మాటిమాటికీ ఫైలు ఆగిపోతుంటే తప్పు తనదేననుకుని తిండీ తిప్పలూ మానేసి పుస్తకాలు తిరగేసింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఉద్యోగానికి నీళ్ళొదులుకోమని నిన్ననే ఆమె కంపెనీ మేనేజరు చెప్పాడు.

ఆమె మౌసు లాక్కుని, ఆయన చెరిపేసిన మూసే ట్యాగును తిరిగి రాసి, ఫైలు పంపేసింది. తన మొదటి ఉద్యోగం పోబోతోందని చెబుతుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు.

పెద్దాయన మొహం పాలిపోయింది. సంగతి అంతదాకా వెళ్ళిందని ఆయనకు తెలియదు. వెంటనే మేనేజరుకు ఫోన్ చేసి, తప్పంతా తనదేననీ, అమ్మాయి పని బంగారమనీ, ఆమెను తీసేస్తే ఊరుకోననీ చెప్పాడు. అవతల సరేననిపించుకునేదాకా ఫోన్ పెట్టలేదు. ఆమె మనసు కుదుటపడింది.

"ఇంతకీ ఎందుకు చేశారండీ?"

ఆయన కిటికీలోంచి ఎదుటి కొట్టుకేసి చూశాడు.

"మా తమ్ముడికీ నాకూ మాటల్లేవమ్మా. ఇదివరకు ఏ డబ్బాలున్నాయో అడగడానికైనా వచ్చేవాడు. నీ ఫైలు వచ్చాక అదీ పోయింది. అది ఆగిన రోజు మాత్రం రోడ్డు దాటి వచ్చి నోటికొచ్చినట్టు తిడతాడు. మొన్న తిట్టి తిట్టి నోరెండిపోయి, మంచినీళ్ళడిగి తాగి వెళ్ళాడు తల్లీ."

ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. తను అంత కష్టపడి నిలబెట్టిన పనే అన్నదమ్ములకు అడ్డమైందా అని దిగులేసింది. ఇవాళ్టి ఫైలు వెళ్ళిపోయింది కదా అని మెల్లిగా గుర్తుచేసింది.

"అవును. ఇవాళ రాడు," అన్నాడాయన.

ఆ మాట నోట్లో ఉండగానే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. తమ్ముడు రావడమే గొంతు పెంచుకుంటూ వచ్చాడు.

"ఏం అన్నయ్యా, మళ్ళీ ఫైలు ఆగిపోయింది. నీకు వ్యాపారం చేతకాకపోతే చెప్పు," అంటూ కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

ప్రోగ్రామరమ్మాయి కంగారుగా స్క్రీన్ చూసుకుంది. ఫైలు పూర్తిగా అందిందని అతని కంప్యూటర్ నుంచి జవాబు అప్పటికే వచ్చి ఉంది.