సగంలో ఆగిన ఫైలు

"గీ సమ్మె కరపత్రం అక్షరాలు నీ కంప్యూటర్ల ఉన్నయా?" దిల్‌సుఖ్‌నగర్ డీటీపీ షాపులో కానిస్టేబుల్ శ్రవణ్‌కుమార్ అడిగాడు.

"లేవు సార్," అన్నాడు షాపు నడిపే హనుమాండ్లు. బయట పోలీసు జీపు ఆగినప్పుడు అతను ఆ కరపత్రం అక్షరాల ఫాంటునే తొలగిస్తున్నాడు. కంగారులో సగంలోనే ప్లగ్గు పీకేశాడు.

మళ్లీ ఆన్ చేస్తే ఫాంట్ల జాబితాలో ఏమీ కనిపించలేదు. శ్రవణ్‌కుమార్ కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ సిస్టం సెట్టింగుల ఫోల్డరు తెరిచాడు. తొలగింపు సగంలో ఆగడంతో ఆ ఫాంటు పేరుతో ఒక తాత్కాలిక ఫైలు మిగిలిపోయి ఉంది.

"నడుమల ప్లగ్గు పీకినవా అన్నా?"



"ఏమైనా దొరికిందా?" గుమ్మంలోంచి ఎస్సై అడిగాడు.

"ఏం లేదు సార్." శ్రవణ్‌కుమార్ హనుమాండ్లు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "గిసొంటి ఫైళ్లను సిస్టం సదవది. నేను గూడ సదవలే."

హనుమాండ్లు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయినా మిషన్ జీపులో పెట్టు," అన్నాడు ఎస్సై. "చెరిపేసినవి కూడా చదివేవాళ్లు వేరే ఉన్నారు."

శ్రవణ్‌కుమార్ తలెత్తకుండా వైర్లు చుట్టసాగాడు.