గడియారాల తప్పేం లేదు

ఆ ఇంట్లో గడియారాలన్నీ ఆగిపోయి వారమైంది.

ఆగిపోవడమేమిటి, టీచరమ్మే ఆపేసింది. హాల్లో గోడ గడియారం, పడగ్గదిలో అలారం, వంటింట్లో బుల్లి గడియారం, అన్నిటి సెల్లులూ పీకి ఓ డబ్బాలో పడేసింది. వంటింటి గడియారం చూసి బయల్దేరే అలవాటున్న భర్తకి, పాపం, రెండు రోజులు బస్సు తప్పిపోయింది.

ఇంత రాద్ధాంతమూ ఒక్క టిక్ టిక్ కోసం.

ఆవిడ బడిలో సంగీతం చెప్పేది. పది నెలల కిందట బడివాళ్లు సంగీతం పీరియడు ఎత్తేశాక ఇంట్లోనే ఓ మూల మైకు పెట్టుకుని, కిటికీకి దుప్పట్లు కట్టి, పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టింది. ఆడియో కథలు చేసే కంపెనీ ఒకటి, ఏడాది పొడుగునా తమ కథలకు పాటలు కట్టే మనిషి కోసం చూస్తుంటే, ఓ పాట పంపింది. బాణీ వాళ్లకి తెగ నచ్చింది. కాకపోతే గొంతు వెనకాల సన్నగా టిక్ టిక్‌మంటోందన్నారు. అది లేకుండా శనివారం సాయంత్రంలోగా మళ్లీ పంపమన్నారు. ఆఖరికి మిగిలింది తనూ, ఇంకొకాయనానట.

ఇదీ పోతే పాటకి దండం పెట్టేసి, ఆడపడుచు ఆఫీసులో టైపింగుకి చేరతానని ఇంట్లో మాటిచ్చేసింది కూడా. ఆ మాట ఇచ్చిన రోజు అన్నం సహించలేదు.

గడియారాలు ఆపినా టిక్ టిక్ మాత్రం పోలేదు. తప్పు హెడ్‌ఫోన్స్‌దే అయ్యుంటుందనుకుని, శుక్రవారం మధ్యాహ్నం వాటిని సంచిలో వేసుకుని షాపుకి పరుగెత్తింది.

సేల్స్‌మన్ అన్నిటికంటే పెద్దవి తీసి చెవులకు పెట్టాడు. లోపల డప్పులు మోగాయి. ఇవే కొనేద్దామనుకుంది.

పక్క బల్ల దగ్గర నిలబడ్డ నడివయసాయన, మాసిన గడ్డం, చేతిలో గుడ్డసంచీ, ఇటు తిరిగాడు.

"ఏమనుకోకండమ్మా. పాడేటప్పుడు పెట్టుకోవడానికా, పాడాక కూర్చుని సరిచేసుకోవడానికా?"

అడక్కుండా సలహాలిచ్చేవాళ్లంటే టీచరమ్మకు ఒళ్లుమంట. రెంటికీ ఇవేనంది విసురుగా. అయినా ఆయన అడిగిన తీరు మెత్తగా ఉండేసరికి, కడుపులో ఉన్నదంతా వెళ్లగక్కింది. టిక్ టిక్, గడియారాలు, కంపెనీ, శనివారం, టైపింగు.

గడియారాల దగ్గర ఆయన హాయిగా నవ్వాడు. తను ఫ్యానును అనుమానించి, వారం రోజులు చెమటలు కక్కుతూ పాడానన్నాడు. మిగతాదంతా మాట్లాడకుండా విన్నాడు. ఆ పాట ఒకసారి వినిపిస్తారా అని అడిగాడు. ఫోన్‌లో పెట్టింది. విన్నాడు. ఇంకోసారి పెట్టమని మళ్లీ విన్నాడు.

తర్వాత ఆవిడ పాత హెడ్‌ఫోన్స్ ఫోన్‌కి తగిలించి, పాడేటప్పుడు తాళం తప్పకుండా చెవుల్లో మోగించుకునే టిక్ టిక్ పెట్టి, బల్ల మీద ఉంచాడు. రెండడుగుల దూరంలో నిలబడ్డ టీచరమ్మకి స్పష్టంగా వినిపించింది. ఆ హెడ్‌ఫోన్స్ వెనక వైపు జాలీ ఉంది. ఆయన రెండు అరచేతులతో ఆ జాలీ మూశాడు. చప్పుడు దాదాపు అణిగిపోయింది.

"దొంగ మీ చెవుల మీదే కూర్చుందమ్మా. గడియారాల తప్పేం లేదు."

టీచరమ్మ తల కొట్టుకుంది. వారం రోజులుగా తనే టిక్ టిక్‌ని చెవులకు తగిలించుకుని, తనే మైకులోకి వదిలిందన్నమాట.

జాలీవి మంచివేనని, పాడాక ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో చూసుకోవడానికి వాటినే వాడమని ఆయన చెప్పాడు. పాడేటప్పుడు మాత్రం వెనక మూసి ఉన్నవి పెట్టుకోవాలట. ఈ డప్పుల హెడ్‌ఫోన్స్ మోతని ఉన్నదానికన్నా పెద్దది చేసి వినిపిస్తాయట, దాన్ని నమ్మి తగ్గించుకుంటే వినేవాళ్లకి పాట పీలగా ఉంటుందట.

వెనక మూసినవి ఇమ్మంది. సేల్స్‌మన్ తల గోక్కున్నాడు. ఉన్నది ఒక్కటేనని, ఈయనే పక్కన పెట్టించుకున్నాడని, మళ్లీ వచ్చేది సోమవారమని చెప్పాడు.

ఆయన కాసేపు ఆ పెట్టెకేసి చూశాడు. తర్వాత ఆవిడ ముందుకి జరిపాడు.

"మీరు తీసుకెళ్లండమ్మా. నాకు తొందరేం లేదు."

ఒక్కటే మిగిలిందనే మాట షాపుల్లో ఎన్నిసార్లు వినలేదు! ఇద్దరూ కూడబలుక్కుని అంటగడుతున్నారనిపించింది టీచరమ్మకి. గతిలేక తీసుకుంది గానీ, బిల్లు కట్టి ఆయనకేసి చూడకుండానే బయటపడింది.

శనివారం పొద్దున్నే పాడింది. జాలీవి పెట్టుకుని విని చూసింది. గొంతు ఉంది, తంబూర ఉంది, టిక్ టిక్ లేదు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. మధ్యాహ్నానికల్లా పంపేసింది.

సోమవారం కంపెనీ మేనేజరమ్మ ఫోన్ చేసింది. పని ఆవిడకే ఇచ్చారట. టీచరమ్మ ఉన్నచోటే నేల మీద కూలబడి ఏడ్చేసింది, ఆ వెంటనే నవ్వేసింది. భర్త సంబరంగా డబ్బా తెచ్చి గడియారాలకు సెల్లులు వేయడం మొదలుపెట్టాడు. ఆడపడుచుకి ఏం చెప్పాలో ఇక ఆలోచించక్కర్లేదు. పది నెలల తర్వాత ఊపిరి నిండా గాలి పీల్చుకుంది.

ఫోన్ పెట్టేసే ముందు, మర్యాదకి, ఆ రెండో ఆయన ఏమయ్యాడని అడిగింది.

ఆయనకీ అదే టిక్ టిక్ గొడవేనంది మేనేజరమ్మ, అసలు మళ్లీ పాట పంపనే లేదట.

"శుక్రవారం సాయంత్రమే ఫోన్ చేసి తప్పుకున్నారండీ. షాపులో ఎవరో ఒకావిడ పాట రెండుసార్లు విన్నాను, ఈ పని ఆవిడదే, నా హెడ్‌ఫోన్స్ ఆవిడకే ఇచ్చేసి వచ్చాను అన్నారు."