తువాలు కింద చెయ్యి

సంతలో గొర్రెల బేరం నోటితో జరగదు. తువాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు.

ఎదుటి చేతిని తడిమిన లింగస్వామి ఉలిక్కిపడ్డాడు. అక్కడ రెండు వేళ్లే ఉన్నాయి.

తువాలు లాగేశాడు. బక్కచిక్కిన మనిషి. సగం ముఖం కాలి ముడతలు పడింది. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు.

“గొర్లు అమ్మకు కాకా. కొడుకును పంపకు.”

లింగస్వామి అతని దగ్గరికి జరిగాడు. “నీకెట్ల తెల్సు?”

“ఏజెంటు నాగేందర్ నీ ఎంట వచ్చిండు గద. గింకేం తెల్వాలె? ఇంటికి పోయి నీ కొడుకు ఫోన్ల వీడియో జర మంచిగ చూడు.”

ఆ వీడియో చూసే కొడుకు హనుమంతు పరాయి దేశపు సైన్యం గోదాంలో పనికి ఒప్పుకున్నాడు. లింగస్వామి మాత్రం కొడుకు సంబరాన్నే చూశాడు, వీడియోను కాదు.

ఇంతలో నాగేందర్ ఉరికొచ్చాడు.

“మల్లొచ్చినవారా? కాకా, వీడు తాగుబోతు. గడ్డి మిషన్ల చెయ్యి పెట్టుకున్నడు. ఎవలు బాగుపడ్డా ఓర్వడు.”

లింగస్వామికి ఆ మాటే నచ్చింది. నమ్మాలనుకున్నవాడికి అబద్ధం ఎంత తేలిగ్గా గొంతు దిగుతుందో!

“మంచి పనికి పోతాంటే ఎదురొస్తవా? నడువ్!” అని ఒక్క తోపు తోశాడు.

అతను పెంటలో పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మంద అమ్ముడుపోయింది. డబ్బు నాగేందర్ చేతికి వెళ్లింది.

హనుమంతు వెళ్తూ వెళ్తూ ఆ వీడియోను తండ్రి ఫోన్‌లో వేశాడు.

“యాదికొస్తే గిది చూడు బాపు. నేను గూడ గిట్లనే ఉంట.”

కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. వెనక ఏవో పేలుతున్నాయి.

“బాపూ, గోదాం లేదు, ఏం లేదు. తుపాకి ఇచ్చిండ్రు. అందరికన్న ముందట మమ్ములనే నడువుమంటున్నరు...”

ఫోన్ తెగింది. మళ్లీ మోగలేదు. నాగేందర్ ఫోన్ కూడా పలకడం లేదు.

“పోరడు గిట్లనే ఉంటనన్నడు గద. గా వీడియో పెట్టయ్యా,” అని భార్య బీరమ్మ ఏడ్చింది.

లింగస్వామి పెట్టాడు. సైనికుడి దుస్తుల్లో ఒక కుర్రవాడు. నున్నటి ముఖం, నిండుగా నవ్వు.

“యుద్ధంతోని మనకేం పని లేదు. గోదాం పనే. ఏడాదైతే గీ దేశపోళ్లమే అయితం. ఫికర్ లేకుంట రాండ్రి తమ్మీ!” అంటూ సెల్యూట్ కొట్టాడు.

ఆ చేతికి ఐదు వేళ్లూ ఉన్నాయి, మణికట్టు మీద తేలు పచ్చబొట్టు ఉంది.