ఒక్క మిషనుకి ఎంత సాఫ్ట్‌వేర్?

"ఇరవై ఎనిమిది వేలా? ఒక్క మిషను పెట్టుకున్న మనిషికా?"

అరిచింది హసీనా కాదు. గురజాలలోని ఆమె టైలరింగ్ షాపుకి ప్యాంటు జిప్పు మార్పించడానికి మొదటిసారి వచ్చి, స్టూలు మీద కూర్చున్న వెల్దుర్తి ఊరాయన.

సాఫ్ట్‌వేర్ అమ్మడానికొచ్చిన చరణ్ మెడలో కార్డు సర్దుకున్నాడు. "కొలతలు, డెలివరీ తేదీలు, కంప్యూటర్, బార్‌కోడ్, ప్రింటర్... అన్నీ కలిపి సార్."

హసీనా డబ్బులు దాచిన డబ్బా వంక చూసింది. పోయిన నెల ఒక పెళ్లికూతురి జాకెట్టు పొరపాటున ఇంకొకరికి ఇచ్చి పంపింది. వాళ్లు నడివీధిలో నిలబడి తిట్టిపోశారు. అప్పట్నుంచి ఆ పేట నుంచి ఒక్క గుడ్డ రావడం లేదు. ఇంకో తప్పు జరిగితే షాపు మూసుకోవాల్సిందే. చేతిలో ఉన్నది చీర అంచులు కుట్టే పీకో మిషను కోసం దాచిన పది వేలు.

"బార్‌కోడ్ ఎందుకయ్యా? ఇదేమన్నా సూపర్ మార్కెట్టా?"

"పెద్ద షాపులన్నీ సార్..."

"పెద్ద షాపుల సంగతి అడిగానా నిన్ను? రోజుకి నాలుగు జాకెట్లు కుట్టే అక్కకి ప్రింటర్ ఏంది? చదువుకున్నోళ్లు మీరే ఇట్టా పేదోళ్ల కడుపు కొడితే ఎట్టా? తీసెయ్!"

చరణ్ మొహం మాడ్చుకుని కాగితం మీద ప్రింటర్ కొట్టేశాడు. బార్‌కోడ్ కొట్టేశాడు. కంప్యూటరూ పోయింది.

"అక్కకి ఫోన్ ఉంది కదా, అందులోనే పెట్టు. పేరు, కొలతలు, తేదీ, గుడ్డ ఫోటో. చానా ఎక్కువ అదే!"

"ఏడు వేలు. ఇంకా తగ్గిస్తే నా ఉద్యోగం పోతుంది సార్."

"పోతే పోనీ! ఆమె కష్టం కన్నా ఎక్కువా నీ ఉద్యోగం?"

హసీనాకి కళ్లు చెమర్చాయి. పుట్టింటివాళ్లు కూడా తన తరఫున ఇంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు. డబ్బా తెరిచి ఏడు వేలూ ఇచ్చేసింది. చరణ్ ఆమె ఫోన్‌లో అదేదో ఎక్కించి వెళ్లిపోయాడు.

జిప్పుకి ఆమె పైసా తీసుకోలేదు. పైగా టీ తెప్పించింది.

"నువ్వు రాకపోతే నిలువునా మునిగేదాన్ని తమ్ముడూ."

"మనోళ్లకి మనం కాకపోతే ఎవరక్కా," అంటూ ఆయన ప్యాంటు సంచిలో పెట్టుకుని బస్టాండు దాకా నడిచాడు. అక్కడ చరణ్ బండి స్టార్ట్ చేసి ఉంచాడు. ఆయన వెనక ఎక్కి కూర్చున్నాడు.

"పిడుగురాళ్లలో తిట్టే వంతు నీది, నా గొంతు పోయింది."