ఆరో రంగు

"ఆకుపచ్చ వద్దు బాబూ. మనసు మారింది," అన్నాడు ముసలాయన, టోపీ మీది మంచు దులుపుకుంటూ.

తుపాకులకి రంగులేసే కొట్టు వెర్లిన్‌ది. అతని చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది. ఆ పిస్టల్‌కి రంగు మార్చమనడం ఇది నాలుగోసారి.

మొదట సూర్యాస్తమయం అన్నాడు. తర్వాత నీలం మీద తెల్లపూలు. ఆ తర్వాత ఎరుపు, ఆ పైన ఆకుపచ్చ. ప్రతి శుక్రవారం వస్తాడు. గోడకి వేలాడే రంగుల చెక్కల ముందు అరగంట నిలబడతాడు. ఏదో ఒకదాని మీద వేలు పెట్టి వెళ్లిపోతాడు.

"సరే, ఇప్పుడేం కావాలి?"

"ఏటి చేపకి పొలుసులుంటాయే, అలా వేయగలరా? ఒక్కొక్కటీ విడివిడిగా."

"చేత్తో వేయాలి. నెల పడుతుంది."

"పట్టనీ." ముసలాయన ముఖం విప్పారింది. "నాకేం తొందర లేదు."

పొయ్యి పక్కన కాఫీ తాగుతున్న పశువుల కామందు హోయ్ట్ కిసుక్కున నవ్వాడు. "ఏం తాతా, ఎద్దు మూతికి లిప్‌స్టిక్ కూడా రాయిస్తావా? దొంగ ఇంట్లోకొస్తే నీ చేపని చూసి గాలం తెచ్చుకుంటాడు."

"తెచ్చుకోనీ. ఈలోగా కాస్త కబుర్లు చెప్పుకుంటాం," అన్నాడు ముసలాయన.

వెర్లిన్‌కి నవ్వు రాలేదు. "తుపాకీ తుపాకీలా ఉండాలండీ. చూసినవాడికి గుండె జల్లుమనాలి. మా నాన్న ముప్పై ఏళ్లు నలుపు తప్ప ఇంకో రంగు ముట్టలేదు."

లోపలి గదిలోంచి అతని భార్య ఓపల్ తల బయటికి పెట్టింది. ఆ కొట్టులో బొమ్మలు వేసేది ఆవిడే. "మీ నాన్న ముప్పై ఏళ్లూ ఒకే కోటు వేసుకు తిరిగాడు, దాని సంగతీ చెప్పు. బండికి రంగులేసుకుంటాం, గిటారుకి వేసుకుంటాం. దీనికే వచ్చిందా మడి?"

"గిటారు ప్రాణం తీయదు."

"నల్లగా ఉంటే మర్యాదగా తీస్తుందా?"

ముసలాయన ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరు చెప్పిందీ బాగానే ఉంది. ఇంకో వారం ఆలోచించుకుంటా," అన్నాడు.

తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు. "పని అయ్యాక నాకే ఫోన్ చేయండి. డెరిక్‌కి చేయకండి."

చీటీ మీద ఉన్న పేరు డెరిక్‌ది. పిస్టల్ అతనిదే. ముసలాయనకి తెలిసిన కుర్రాడట.

ఆ వారమంతా వెర్లిన్‌కి కాలు నిలవలేదు. బల్ల దగ్గర కూర్చున్నా, తిరుగుతున్నా కన్ను ఆ పిస్టల్ మీదికే పోయేది. రంగులేని ఆ ఉత్త ఇనుము, పని చేతకానివాడివని తనని వెక్కిరిస్తున్నట్టు ఉండేది.

బుధవారం ఓపల్ చెల్లెల్ని చూడ్డానికి కాస్పర్ పట్నం వెళ్లింది. ఆవిడ బండి మలుపు తిరిగిందో లేదో, వెర్లిన్ పిస్టల్ అందుకున్నాడు. నల్లరంగు కొట్టాడు. రంగు గట్టిపడేలా ఓవెన్‌లో పెట్టి కాల్చాడు. సాయంత్రానికి అది నిగనిగలాడింది.

ఫోన్ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఎవడి వస్తువు వాడికివ్వడానికి మధ్యలో ఇంకొకరి పెత్తనం ఏమిటి అనుకున్నాడు. డెరిక్‌కే చేశాడు.

కుర్రాడు పావుగంటలో వచ్చాడు. అంత చలిలో ఒంటి మీద కోటు లేదు.

"చేపలు వేయలేదు, నలుపే వేశాను. నచ్చిందా?"

"ఏ రంగైనా ఒకటేనండీ," అన్నాడు డెరిక్. పిస్టల్ వంక చూడకుండానే పెట్టె మూసి పట్టుకుపోయాడు.

శుక్రవారం ముసలాయన వచ్చాడు. "చేప వద్దు బాబూ. నెమలికంఠం రంగు ఉందంటగా?"

"అక్కర్లేదు. పని పూర్తయింది, డెరిక్ తీసుకెళ్లాడు."

ముసలాయన చెయ్యి గోడ మీది రంగుల చెక్క దగ్గరే నిలిచిపోయింది. "ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం."

ఆయన అరవలేదు. తిట్టలేదు. ఆ వయసులో మంచు మీద పరుగెత్తాడు. బండి తలుపు సరిగా వేయకుండానే రోడ్డెక్కాడు.

వెర్లిన్ మధ్యాహ్నం ఆయన నంబరుకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. శనివారం మూడుసార్లు చేశాడు. బండి చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి వెళ్లి చూశాడు.

సోమవారం ఎవరో ఒకామె వచ్చింది. నల్లకోటు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు.

"డెరిక్ అక్కనండీ. నిన్న వాణ్ని మట్టి చేసి వచ్చాం. గురువారం పొద్దుటికే లేడట. పెద్దాయన వెళ్లి తలుపు పగలగొట్టేదాకా ఎవరికీ తెలియదు."

వెర్లిన్ కౌంటరు వెనక నుంచి ముందుకొచ్చాడు.

"ఒక్కటి అడుగుదామని వచ్చాను. వాడికి ఇవ్వొద్దని పెద్దాయన మీకు చెప్పలేదా?"

"తనకే ఫోన్ చేయమన్నాడమ్మా," అన్నాడు వెర్లిన్. "రంగుల పిచ్చివాడనుకున్నాను. ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఊరికి తెలిస్తే తలెత్తుకోలేనని డెరిక్ ఒట్టు వేయించుకున్నాడు. యుద్ధం నుంచి వచ్చాక వాడికి నిద్ర లేదు, బతకాలనీ లేదు. ఆ వస్తువు ఇంట్లో ఉండకూడదని పెద్దాయన రంగు వేయిస్తానని నచ్చజెప్పి పట్టుకొచ్చాడు. సైన్యంలో పాస్టరుగా చేసి వచ్చిన మనిషి. వాడికి ముందు తొమ్మిది మందిని ఇలాగే కాపాడుకున్నాడు. ఆ తొమ్మిది మందీ నిన్న శవపేటిక మోశారు."



ఆమె గోడ మీది రంగుల చెక్కల వంక కాసేపు చూసింది.

"ఆయనకి పుట్టుకతోనే రంగులు కనపడవండీ. ఇక్కడికి వచ్చినప్పుడల్లా మా తమ్ముడికి ఇంకో వారం సంపాదించుకుని వెళ్లేవాడు."