సొంత మోతాదు

క్రిస్టీ సాక్ష్యం చెప్పడానికి లేచేసరికి షాలేం రాజు గుండె గుభేలుమంది.

అమెరికాలో, ట్రాయ్ ఊళ్లోని ఆ తెలుగు చర్చిలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి, దేవుడు తమకు చేసిన మేలు నలుగురికీ చెప్పుకుంటారు. పెళ్లయి ఇన్నేళ్లలో క్రిస్టీ ఏనాడూ లేవలేదు. ఇవాళ మాత్రం చీరకొంగు తలమీద సర్దుకుని నేరుగా మైకు దగ్గరికి నడిచింది.

“అందరికీ వందనాలండీ. థాంక్స్‌గివింగ్ ముందు నేను సూట్‌కేస్ సర్దేసుకున్నాను. ఈయన్ని వదిలేసి డాలస్‌లో మా అక్క దగ్గరికి పోదామని. అప్పుడు మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. ఇప్పుడు మా ఇంట్లో శాంతి, సమాధానం ఉన్నాయి. ఎలా వచ్చిందని మాత్రం అడక్కండి. దేవునికి స్తోత్రం!”

హాలంతా “స్తోత్రం” అంది. పాస్టర్ గారు షాలేం రాజు వంక చూసి ముసిముసిగా నవ్వారు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంది.

షాలేం రాజుకి ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఆ సమాధానం ఎలా వచ్చిందో అతనికి బాగా తెలుసు. గరాజ్‌లో డ్రిల్లింగ్ మిషన్ వెనక దాచిన పాత విటమిన్ సీసాలోంచి వచ్చింది.

షాలేం రాజు కార్ల సీట్లు డిజైన్ చేసే ఇంజనీరు. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. క్రిస్టీ కూడా ఏమీ తక్కువ తినలేదు. సింకులో గిన్నెలు వదిలేశారని ఆవిడ, హీటర్ పెంచేశావని ఈయన, తెల్లారితే చాలు ఇద్దరూ ఇల్లెగిరిపోయేలా అరుచుకునేవాళ్లు. కానీ గుమ్మం దగ్గర ఆ సూట్‌కేస్ చూశాక అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఆఫీసులో రాకేష్ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు.

రాకేష్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మైక్రోడోసింగ్ అన్నా. మ్యాజిక్ మష్రూమ్స్, అదే మత్తు పుట్టగొడుగుల పొడి, క్యాప్సూల్స్‌లో. మత్తెక్కేంత కాదు, చిటికెడులో చిటికెడు. నేను ట్రై చేశా, కోపం మాయం. కానీ నా లెక్క నీకు సెట్ కాదు. ఎవరి పద్ధతి వాళ్లు వెతుక్కోవాల్సిందే.”

“ఛీ ఛీ! మా మావగారు పాలకొల్లులో పాస్టరురా బాబూ. ఫ్రిజ్‌లో బీరు కనిపిస్తేనే మా ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తుంది” అన్నాడు షాలేం రాజు. అని, ఆ వారమే తెచ్చుకున్నాడు.

మొదటిసారి ఆఫీసు రోజున వేసుకున్నాడు. మీటింగులో తెర మీద సీటు కుట్లు చూసి కిసుక్కున నవ్వాడు. మేనేజరు అదోలా చూసింది. లాభం లేదని ఇంకా చిన్న మోతాదుకు దిగాడు. పరగడుపున వేసుకుంటే వికారం. కాఫీతో వేసుకుంటే గుండె దడ. చివరికి ఇడ్లీ తిన్నాక ఒకటి మింగి, గరాజ్‌లోనే నిలబడి చిన్న ప్రార్థన చేసుకుని లోపలికి రావడం అలవాటు చేసుకున్నాడు. ఇదీ తన సొంత పద్ధతి అని తేల్చుకున్నాడు.

అంతే, అతికినట్టు కుదిరిపోయింది. పిచ్చి నవ్వులూ లేవు, దడా లేదు. ఒంట్లో వెచ్చగా, హాయిగా ఉండేది. ఏళ్లుగా వేధిస్తున్న గ్యాస్ కూడా తగ్గింది. ఔరా, పుట్టగొడుగుల్లో ఇంత మహిమ ఉందా అనుకున్నాడు.

అసలు విచిత్రం ఇంట్లో జరిగింది. తను మెత్తబడేసరికి క్రిస్టీ కూడా మెత్తబడింది. “దిక్కుమాలిన మంచు” అని తిట్టుకునే మనిషి, కిటికీ దగ్గర నిలబడి, “ఎంత బాగుందో చూడండి” అంటోంది. అత్తగారు ఫోన్ చేస్తే విసుక్కోకుండా గంటసేపు మాట్లాడుతోంది. కారు నేను నడుపుతానంటే నేనని తాళాలు లాక్కునేది కాస్తా, ఇప్పుడు అప్పుడప్పుడూ “మీరే నడపండి” అని చేతిలో పెట్టేస్తోంది. ఒకరోజు పప్పులోకి టమాటా కోస్తూ, లోపలి గింజల అందం చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నేను మారితే ఆవిడ మారిందిరా! నా మోతాదు ఇద్దరికీ పనిచేస్తోంది” అని రాకేష్ దగ్గర కాలరెగరేశాడు.

ఇప్పుడేమో ఆ పిచ్చితల్లి అదంతా దేవుడి ఖాతాలో వేసి, నిండు చర్చిలో సాక్ష్యం చెప్పేసింది. నిజం చెప్పకపోతే పాపం. చెబితే మళ్లీ సూట్‌కేస్. చర్చి భోజనాల దగ్గర షాలేం రాజు ప్లేటు అలాగే వదిలేసి లేచాడు.

పార్కింగ్ లాట్‌లో కారెక్కాక, స్టార్ట్ చెయ్యకుండా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

“క్రిస్టీ, నీకో మాట చెప్పాలి. విన్నాక నువ్వు నన్ను వదిలేసి పోయినా ఏమీ అనను.”

“చెప్పండి.”

చెప్పేశాడు. రాకేష్, మష్రూములు, గరాజ్, సీసా, అన్నీ. “నువ్వెళ్లిపోతావన్న భయంతోనే చేశాను. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు చెప్పు? నా మూలంగా నీ సాక్ష్యం కూడా అబద్ధమైపోయింది.”

క్రిస్టీ కొంగులో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని అతనూ కళ్లు తుడుచుకున్నాడు. తీరా చూస్తే నవ్వుతోంది.

“నాకు తెలుసండీ. క్రిస్మస్ లైట్ల కోసం వెతుకుతుంటే దొరికింది మీ సీసా.”

షాలేం రాజు నోరు తెరిచాడు. “మరి... పారెయ్యలేదా?”

“అయ్యో, పారేస్తానేంటండీ, మీ సీసాలో శొంఠి నింపిన క్యాప్సూల్స్ పోసి పెట్టి, అప్పట్నుంచీ ఆ మష్రూములు నేనే వేసుకుంటున్నాను.”