చీలమండ పట్టు

కబడ్డీ కూతకు వెళ్లిన స్తుతి, అవతలివాళ్లు చెయ్యి చాపగానే వెనక్కి పరుగెత్తింది.

"మళ్లా అదే డ్రామా" అన్నాడు కోచ్ జయప్రకాశ్. జట్టులో అమ్మాయిలు నవ్వారు.

ఆటలో దెబ్బతిన్న స్తుతి మోకాలికి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. ఇక ఆడుకోవచ్చని ఖమ్మంలో డాక్టరు చెప్పాడు. అయినా ఎవరైనా కాలు పట్టుకోబోతే చాలు, ఆమె వెనక్కి పరుగెత్తేది; పట్టుకుంటే కొయ్యబారిపోయేది.

చండ్రుగొండ గ్రౌండు గట్టు మీద కూర్చుని ఒకామె ఇదంతా చూస్తోంది. కొన్నాళ్లుగా రోజూ బస్సు దిగి వస్తోంది. అడవి పల్లె మనిషి. పేరు ముత్తక్క అని తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఆ రోజు ఆమె లేచి కోచ్ దగ్గరకు వెళ్లింది.

"కాలు మానింది సారూ. భయం మానలే. తిడితే మానుతదా?"

నీ పని నువ్వు చూసుకోమన్నాడు జయప్రకాశ్. స్తుతిని జట్టులోంచి తీసేస్తానని కూడా అన్నాడు.

అందరూ వెళ్లాక ముత్తక్క స్తుతి దగ్గరకు వచ్చింది.

"నేను పట్టుకుంట, ఇడిపించుకో బిడ్డా. వద్దంటే అప్పుడే ఇడిసిపెడ్త."

స్తుతికి ఒళ్లు మండింది. కానీ వేరే దారి లేదు.

మొదట ముత్తక్క చీలమండ మీద వేళ్లు ఆనించింది, అంతే. కొన్ని రోజులకు పట్టుకుంది. తర్వాత గుంజింది. ఒకసారి స్తుతి విదిలించిన కాలు తగిలి ఆమె పెదవి పగిలింది. రక్తం తుడుచుకుని మళ్లీ పట్టింది. స్తుతి సారీ కూడా చెప్పలేదు.

సంగతి తెలిసి స్తుతి తల్లి రిబ్కా గ్రౌండుకు వచ్చింది.

"ఒకతి నా బిడ్డ కాలు ఇరగ్గొట్టింది. దాని కాళ్లు పడిపోను. ఇప్పుడు నువ్వు వచ్చి మోపైనవా?"

ముత్తక్క ముఖం పాలిపోయింది. "గంత మాట అనకమ్మా" అంది.

రిబ్కా ఆమెను రెక్క పట్టి గేటు బయటకు నెట్టింది. స్తుతి అడ్డుపడలేదు. ముత్తక్క మళ్లీ రాలేదు.

సత్తుపల్లి పోటీల్లో స్తుతి కూతకు వెళ్లింది. డిఫెండర్ ఒకమ్మాయి చీలమండ దొరకబుచ్చుకుంది. స్తుతి కొయ్యబారలేదు. ఆ అమ్మాయిని ఈడ్చుకుంటూ వచ్చి గీత తాకింది.

అవతలిది అప్పటి ప్రత్యర్థి జట్టే. తన మోకాలు పోయింది వాళ్ల చేతుల్లోనే. ఆట ముగిశాక, ఆ రోజు తనను పట్టిన శ్యామల కోసం స్తుతి వెతికింది. నాలుగు మాటలు అడిగెయ్యాలని ఎన్నాళ్లుగానో కాచుకుని ఉంది. శ్యామల కనబడలేదు. వాళ్ల కెప్టెన్ మహిమను అడిగింది.

మహిమ ఎర్రగా చూసింది.

"నీ కాలు ఇరిగిన కాంచి అది ఎవర్నీ పట్టలే. చేతులు ఆడతలేవంటది. పోయిన నెల ఆట బంద్ పెట్టి మిర్చి తోటల్ల కూలికి పోయింది. నువ్వు మళ్లా ఆడుడు చూపిస్తే తన బిడ్డ గూడ లేస్తదని, వాళ్లమ్మ ముత్తక్క మీ ఊరి దాకా వచ్చి నీతోని తన్నులు తిన్నది."